రెబెక్క అడిగిన కేసు కాయితం

"కేసు షీట్లు పేషెంట్లకి ఇవ్వరమ్మా. అవి ఆసుపత్రివి," అన్నాడు మేనేజరు భానుమూర్తి, తల కూడా ఎత్తకుండా.

రెబెక్క బల్లకు ఇవతల నిలబడి ఉంది. ఎడమ డొక్కలో నొప్పి వీపు దాకా పాకుతోంది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎండలో నడిచి వచ్చింది. అరవై తొమ్మిది నాటి తెలంగాణ గొడవలతో బస్సులు తిరగడం లేదు. రోడ్డు మీద రాళ్లు, కాలిన టైర్ల మసి. ఇంత దూరం వచ్చింది ఒక్క కాయితం కోసం.

"కడుపు నాది సారూ. కోసింది నా కడుపు. కాయితం దవాఖానది ఎట్లయితది?"

"అదంతే. రూలు."

"ఆ రూలు ఏడ రాసున్నది? జర చూపియ్యి, సదువుకుంట. తెలుగు సదువొస్తది నాకు."

భానుమూర్తి అప్పుడు తలెత్తి చూశాడు. మిషను బళ్లో అయిదో క్లాసు దాకా చదివిన మనిషి ఆమె. విద్యార్థుల హాస్టల్లో వంట చేస్తుంది. ఆ సంగతులేవీ అతనికి తెలియవు. ఎదురుగా ఉన్నది నూనె మరకల చీరలో ఉన్న ఆడమనిషి, అంతే.

కిందటి ఏడు వానాకాలంలో నొప్పులొచ్చి ఈ నర్సింగ్ హోంలోనే చేరింది రెబెక్క. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన మొదటి కడుపు. పొద్దున్నే తీసుకొచ్చారు. రోజంతా మంచం కమ్మీ పట్టుకుని అరిచింది. డాక్టరు సాంబమూర్తి దీపాలు పెట్టే వేళకు వచ్చాడు. తర్వాత ఆమెకేమీ గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి కడుపు మీద కట్టు ఉంది, పక్కన బిడ్డ లేడు. మగబిడ్డట, చచ్చి పుట్టాడట. ఏం చేశారని అడిగితే "ప్రాణం దక్కింది, అది చాలదా?" అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ముట్టు రాలేదు. రక్తం బాగా పోయింది, బలం వస్తే అదే వస్తుందని చెప్పి పంపించారు.

బలం రాలేదు. డొక్కలో నొప్పి, చలిజ్వరం వచ్చాయి. చివరికి సిటీలోని మిషను దవాఖానకు వెళితే అక్కడి డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించి, దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది.

"ఎడమ పక్క మూత్రపిండం ఉబ్బిపోయింది. మూత్రం దిగే దారి ఎక్కడో మూసుకుంది. బహుశా ఆ ఆపరేషన్లోనే. వాళ్లు ఎక్కడ కోశారో, ఏం తీశారో, ఎక్కడ కుట్టారో తెలియకుండా నేను కత్తి పెడితే గుడ్డిగా పెట్టినట్టే. ఆ కేసు షీటు నకలు తెచ్చుకో. అడిగే హక్కు నీకుంది," అంది. అని, డాక్టర్ సాంబమూర్తికి ఒక ఉత్తరం కూడా రాసిచ్చింది.

ఆ ఉత్తరాన్ని భానుమూర్తి వేలి కొనతో పక్కకు జరిపాడు. "ఆపరేషనుకి ఒప్పుకుని సంతకం పెట్టింది నువ్వు కాదు, మీ ఆయన. ఏమన్నా అడగాలంటే ఆయన్ని రమ్మను."

"నొప్పి ఆయనకొస్తలేదు సారూ, నాకొస్తుంది."

"వెళ్లమ్మా. వెనకాల జనం ఉన్నారు."

వెనక్కి తిరిగి చూసింది. బెంచీ మీద ఒక ముసలమ్మ కునుకు తీస్తోంది. ఇంకెవరూ లేరు.

రెబెక్క మొగుడు మత్తయి తాపీమేస్త్రి. ఎల్బీనగర్‌లో రాళ్లగుట్టలు చదును చేసి కడుతున్న కొత్త ఇళ్లలో పని. రెబెక్క ఇంటికి కూడా పోకుండా నేరుగా అక్కడికే వెళ్లింది. సగం లేచిన గోడ మీద కూర్చుని ఇటుక పేరుస్తున్నాడు అతను. ఆమె విషయమంతా చెప్పింది. "రేపొక్క పూట పని మాను. నాతోని వచ్చి అడుగు," అంది.

మత్తయి తాపీ పక్కన పెట్టాడు. ఇటుక చేతిలోనే ఉంది.

"ఎందుకు రెబెక్కా గియ్యన్ని? పెద్ద డాక్టరు ఆయన. మనమేం లొల్లి పెట్టుకుంటం? మిషనుల మందులిస్తే మింగు."

"మందులతోని పోదన్నది డాక్టరమ్మ. లోపల ఏం జేసిన్రో తెల్వాలె."

"తెలిస్తే ఏమయితది?"

ఆ అడిగిన తీరులో ఏదో తేడా కనిపించిందామెకు. మొగుడి ముఖం కేసి సూటిగా చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"నీకెర్కనా?" అంది.

కూలీలు ఇసుక జల్లెడ పడుతున్న చప్పుడు. మత్తయి గోడ దిగాడు. దిగి, ఆమెను ఇసుక కుప్ప అవతలికి తీసుకుపోయి, కాళ్ల దగ్గరి మట్టికేసి చూస్తూ చెప్పాడు. "గర్భసంచి పగిలిందన్నరు. తీసేయకపోతే బతుకదన్నరు. సంతకం పెట్టమంటే పెట్టిన. నీకు జెప్పొద్దని ఎవ్వలన్లేదు. నాకే నోరు రాలె. చెప్తే కుంగిపోతవని…"

ఏడుపు వస్తుందేమో అనుకుంది రెబెక్క. రాలేదు. వచ్చింది కోపం. ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం ఉపాసముంటోంది. ఆదివారం ప్రార్థనలో సంఘం పెద్దలు ఆమె తల మీద చేతులుంచి, ఈ బిడ్డ గర్భం తెరువు తండ్రీ అని వేడుకుంటుంటే, పక్కనే మోకాళ్ల మీద కళ్లు మూసుకుని ఆమేన్ అన్నది ఈ మనిషే.

"ఆమేనంటివి గదా," అంది. గొంతు కీచుగా లేచింది. "లేని సంచిని తెరువుమని నేను దేవుణ్ణి అడుక్కుంటుంటే, పక్కన గూసోని ఆమేనంటివి. నా మీద జాలా అది? నన్ను పిచ్చిదాన్ని జేసి ఆడించినవు."

"గట్ల గాదే…"

"డాక్టరు చెప్పలె, నువ్వు చెప్పలె. నా కడుపుల ఏమున్నదో ఏం లేదో ఊరందరికీ ఎర్క, నాకు తప్ప. సంతకం నీది, కాయితం వాంది. నాదేమున్నది ఇండ్ల?"

కూలీలు జల్లెడ ఆపి చూస్తున్నారు. ఆమె లెక్కచేయలేదు. అతని చేతిలోంచి ఇటుక లాక్కుని నేలకేసి కొట్టింది. అది రెండు ముక్కలైంది. కోపం మాత్రం అట్లాగే ఉంది.

ఆ రోజే హాస్టలుకు పోయి సైదులును పట్టుకుంది. సైదులుది నల్గొండ దిక్కు పల్లె, బీఏ చదువుతున్నాడు. కాలేజీలు మూతబడ్డా ఇంటికి పోకుండా ఉద్యమంలో తిరుగుతున్నాడు. అతనూ అతని దోస్తులూ ఎన్నింటికొచ్చినా అన్నం వేడి చేసి పెట్టేది రెబెక్కే. "ఇంగిలీసుల దరఖాస్తు రాసియ్యి తమ్మీ. నోటితో అడిగితే వాడు ఇంటలేడు," అని, అంతా చెప్పింది. చెప్పక తప్పలేదు. పేరు, మొగుని పేరు, చేరిన నెల, ఏ ఆపరేషను, ఎందుకు కావాలి, ఏ డాక్టరు అడుగుతోంది, అన్నీ ఉండాలి గదా.

సైదులు రాస్తూ రాస్తూ పళ్లు కొరికాడు. "కోస్తా నుంచి వచ్చిన డాక్టరు కదా అక్కా?"

"ఏడి నుంచి వచ్చినా కాయితం ఇస్తే చాలు. నువ్వు రాయి."

రెండు ప్రతులు రాయించింది. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం తనకు. ఆ ఉపాయం మిషను డాక్టరమ్మ చెప్పింది. మర్నాడు పొద్దున్నే తీసుకుపోతే భానుమూర్తి సంతకం పెట్టనన్నాడు. రెబెక్క బల్ల ముందే నేల మీద కూర్చుంది. కాన్పులకు వచ్చినవాళ్లంతా ఆమెను దాటుకుని పోవాల్సి వచ్చింది. పొద్దు నడినెత్తికెక్కే దాకా చూసి, విసుగొచ్చి, గీకినట్టు ఒక సంతకం పడేశాడు. "డాక్టరుగారితో మాట్లాడతాను. సోమవారం రా."

సోమవారం బంద్. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. మలక్‌పేట దిక్కు నుంచి ఊరేగింపు వస్తోంది, జై తెలంగాణ అన్న కేకలు దూరం నుంచే వినబడుతున్నాయి. రెబెక్క నర్సింగ్ హోం వరండాలోకి అడుగు పెట్టేసరికి భానుమూర్తి తలుపులు మూయిస్తున్నాడు.

"ఇవాళ కాదు, ఇవాళ కాదు!" అన్నాడు.

అప్పుడు వినిపించింది ఆమెకు తన పేరు. గేటు బయట ఎవరి భుజాల మీదో ఎక్కి సైదులు అరుస్తున్నాడు.

"మా రెబెక్కక్క కడుపు కోసి గర్భసంచి తీసిండు ఈ ఆంధ్ర డాక్టరు! చెప్పకుంట తీసిండు! కాయితమడిగితే కుక్కను తరిమినట్టు తరిమిండు! మన ఆడబిడ్డల కడుపుల మీద గూడ వీళ్ల పెత్తనమేనా?"

గుంపు గర్జించింది. మొదటి రాయి కిటికీ అద్దం పగలగొట్టింది. లోపల ఎవరో పసిబిడ్డ గుక్కపెట్టి ఏడ్చింది.

రెబెక్క ఒళ్లు భగ్గుమంది. మొగుడు ఇన్నాళ్లూ దాచిన మాట, సంఘంలో ఎట్లా చెప్పాలో ఇంకా తెలియని మాట, ఇప్పుడు వీధిలో కేకగా తిరుగుతోంది. ఎవడడిగాడు వాణ్ణి? గేటు తోసుకుని పది పదిహేను మంది లోపలికి వచ్చారు. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. ఫైళ్లున్న గది వరండాకు కుడిపక్కనే, కిటికీలోంచి కాయితాల కట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. "అండ్లనే ఉన్నయి వీళ్ల దొంగ రాతలు, అంటువెట్టున్రి!" అన్నాడు ఎవడో.

ఆమె పరుగెత్తి ఆ గది గడపలో నిలబడింది. రెండు చేతులూ దర్వాజకు చెరో పక్కా ఆనించింది.

"పక్కకు జరుగక్కా," అన్నాడు సైదులు ముందుకొచ్చి. "నీ కోసమే ఇదంత."

"నా కోసమా?" అంది. "నా కోసమైతే నన్నడిగినవా? దరఖాస్తు రాయనీకి చెప్పిన ముచ్చట్ను బజార్ల డప్పు కొడ్తవా నువ్వు? ఇగో, నా కాయితం ఈ అర్రల ఉన్నది. అది కాలితే ఏ డాక్టరు నన్ను బాగుజేస్తది? నువ్వు చేస్తవా? నీ జిందాబాద్ చేస్తదా?"

"అక్కా, వీళ్లు మనోళ్లకు…"

"లోపల నొప్పులు పడేటోళ్లున్నరు, బాలెంతలున్నరు. ఎవల ఊరని అడుగుతవా వాళ్లను? అంటువెట్టాల్నంటే ముందు నా మీద పొయ్యి ఆ గ్యాసునూనె. పొయ్యి! మూడేండ్ల సంది నా చేతి కూడు తిన్నవు గదా, పొయ్యి!"

డబ్బా పట్టుకున్నవాడు సైదులు ముఖం చూశాడు. లోపల్నుంచి ఒక బాలింత బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చి, గుంపును చూసి గోడకు అంటుకుపోయింది. అది చూశాక వెనకవాళ్లు ఒక్కొక్కరే గేటు దిక్కు జరిగారు. సైదులు ఆఖరున పోయాడు. బయట కేకలు మాత్రం ఆగలేదు.

డాక్టరు సాంబమూర్తి అప్పుడు గదిలోంచి బయటికి వచ్చాడు. నుదుటి మీద చెమట. "అమ్మా, నువ్వు వాళ్లకి చెప్పు. నాకు ఏ ఫిర్యాదూ లేదు, డాక్టరుగారు నన్ను బతికించారు అని గేటు దగ్గర ఒక్క మాట చెప్పు. నీ కాగితం నీకిప్పిస్తాను."

రెబెక్క అతని ముఖంలోకి చూసింది. ఇంతసేపూ ఈ మనిషి ఆసుపత్రి కాలకుండా అడ్డం నిలబడింది తను. ఆ కాయితం ఇప్పుడు కూడా బేరమేనా?

"నేను చెప్ప," అంది. "బతికించినవేమో, నాకు తెల్వది. తెల్వనీకే గదా కాయితమడిగేది. గేటు కాడికి పోను. గడప దాటను. నా నకలు నాకియ్యి. ఇయ్యకుంటే ఈడనే కూసుంట, ఎవలొచ్చినా, పోయినా."

బయట మరో అద్దం భళ్లుమంది. డాక్టరు భుజాలు ఎగరేసి, "కోటేశ్వరమ్మా, తీసి రాసివ్వు," అన్నాడు.

కోటేశ్వరమ్మ నడివయసు నర్సు, గుంటూరు వైపు మనిషి. ఆ వానాకాలం రాత్రంతా రెబెక్క పక్కన కూర్చుని తడిగుడ్డతో పెదాలు తడిపింది ఆమే. కట్ట విప్పి ఫైలు తీసింది. తెల్లకాగితాలు, కలం తెచ్చుకుని స్టూలు మీద కూర్చుంది. "కూర్చో అమ్మా. ఇంగ్లీషులో రాస్తాను, అర్థం తెలుగులో చెబుతూ రాస్తాను," అంది.

రాసింది. గర్భసంచి పగిలి ఉందని, మెడ భాగం ఉంచి పైభాగం తీసేశారని, అండాశయాలు ముట్టుకోలేదని, ఎడమవైపు రక్తం ఆగక లోతుగా కుట్లు వేశారని. ఒక్కో మాట వింటూ రెబెక్క తన పొట్ట మీద చెయ్యి ఉంచుకుంది. ఇంకా చెప్పమంటోంది. ఇన్నాళ్లకు ఎవరో ఆమె సంగతి ఆమెకు చెబుతున్నారు.

ఉన్నట్టుండి కోటేశ్వరమ్మ కలం ఆగింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఈ లైను అవసరం ఉండదులే, మీ డాక్టరమ్మకి."

"ఏమున్నది అండ్ల?"

కోటేశ్వరమ్మ మెల్లగా చెప్పింది. "ఇంటివాళ్లు ఆలస్యంగా, సాయంత్రం తీసుకొచ్చారు. వచ్చేసరికే సంచి పగిలి ఉంది. అని రాసుంది."

రెబెక్క లేచి నిలబడింది. మంచం కమ్మీ, పొద్దుటి ఎండ, మధ్యాహ్నం ఎండ, డాక్టరెప్పుడొస్తాడని ఆమె అడిగిన ప్రతిసారీ వస్తున్నారమ్మా అన్న ఇదే గొంతు, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

"ఆ దినం పొద్దుగాల్ల నన్ను మంచమెక్కిచ్చింది నువ్వే గదమ్మా."

"నేనే," అంది కోటేశ్వరమ్మ. తల దించుకుంది. "నేనేనమ్మా."

డాక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెబెక్క అతనికేసి చూడలేదు.

"రాయి," అంది. "ఉన్నదున్నట్టు ఆ లైను గూడ దించు. అబద్ధం గూడ నాకు గావాలె. ఎవలు రాసిన్రో వాళ్ల సంతకంతోని గావాలె."

నకలు పూర్తయ్యేసరికి బయట ఈలలు, బూట్ల చప్పుడు. పోలీసు వ్యాను వచ్చింది. లాఠీలకు గుంపు చెదిరింది. రోడ్డు మీద చెప్పులు చిందరవందరగా మిగిలాయి. సాంబమూర్తి గొంతులోకి పాత బిగువు తిరిగొచ్చింది. "సరే, ఈ సంతకాలూ అవీ తర్వాత చూద్దాం. ముందు ఆ కాగితాలు లోపల పెట్టు," అన్నాడు. భానుమూర్తి ఇన్‌స్పెక్టరును వెంటబెట్టుకుని వచ్చి రెబెక్కను చూపించాడు. "ఈవిడేనండీ, వాళ్లందర్నీ తీసుకొచ్చింది. ఈవిడ పేరే అరిచారు."

ఇన్‌స్పెక్టరు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. రెబెక్క నోరు తెరిచేలోపు కోటేశ్వరమ్మ స్టూలు మీంచి లేచింది.

"అబద్ధమండీ. ఈమె గడపలో అడ్డం నిలబడబట్టి ఆసుపత్రి మిగిలింది. లేకపోతే ఈపాటికి లోపలి బాలింతలతో సహా కాలిపోయేవాళ్లం. అడగండి, ఎవర్నైనా అడగండి. ఈ నకలు డాక్టరుగారే రాయమన్నారు. సంతకం ఒక్కటే బాకీ." అంటూ కాగితాలు, కలం డాక్టరు ముందు పెట్టింది.

ఇన్‌స్పెక్టరు రెబెక్క చెయ్యి వదిలి డాక్టరు కేసి చూశాడు. బాలింతలు గుమ్మంలోంచి చూస్తున్నారు. సాంబమూర్తి ప్రతి పుటకూ కింద సంతకం చేసి, ముద్ర వేశాడు. ఆలస్యంగా తెచ్చారన్న పుట వచ్చినప్పుడు రెబెక్క ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "ఇది సదివి పెట్టు సారూ," అంది. అతను చదివాడో లేదో గాని, చెవులు ఎర్రబడ్డాయి. సంతకం పెట్టాడు.

మిషను డాక్టరమ్మ ఆ నకలు చదివి, "ఎడమవైపు లోతు కుట్లు. నేననుకున్నదే," అంది. ఆ వారంలోనే ఆపరేషను చేసింది. మూత్రం దారి కుట్టులో ఇరుక్కుని ఉంది, విడిపించారు. ఆ పక్క మూత్రపిండం సగం పాడైంది, మిగతాది నిలబడింది. జ్వరం పోయింది. ఎక్కడ వెతకాలో తెలియకపోతే ప్రాణం మీదికి వచ్చేదని డాక్టరమ్మ నిర్మొహమాటంగా చెప్పింది.

మత్తయి రోజూ గిన్నెలో జావ తెచ్చేవాడు. ఆమె తాగేది. మూడో రోజు అతను మంచం పక్కన నిలబడి, "ఆదివారం సంఘంల నేనే చెప్పిన, ఉన్నది ఉన్నట్టు. అందరి ముంగట," అన్నాడు. రెబెక్క గోడవైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే, "నాకు ముందల చెప్పాలె. వాళ్లకు తర్వాత," అంది. అతను గిన్నె కడిగి తెచ్చి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. పొమ్మని ఆమె అనలేదు.

అబద్ధపు వాక్యం గురించి సర్కారుకు అర్జీ పెట్టింది. డాక్టరమ్మే ఇంగ్లీషులో రాసింది. జవాబు రాలేదు. కోటేశ్వరమ్మను పనిలోంచి తీసేశారని, గొడవలకు భయపడి ఆమె గుంటూరు వెళ్లిపోయిందని తెలిసింది. ఆ రోజు రెబెక్క అన్నం ముట్టలేదు. సైదులు జైల్లో ఉన్నాడని హాస్టలువాళ్లు చెబితే, "ఉండనియ్యి కొన్నొద్దులు," అంది. మర్నాడు మళ్లీ తనే, వాడికి జైల్లో తిండి ఎట్లుందో కనుక్కోమంది.

మిషను దవాఖాన నుంచి ఇంటికి పంపించే రోజున ఆమె నేరుగా గుమాస్తా బల్ల దగ్గరికి పోయింది. మత్తయి మూట పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"నా ఆపరేషన్ కాయితం నకలియ్యున్రి," అంది.

గుమాస్తా కళ్లజోడు సవరించుకున్నాడు. "అవి పేషెంట్లకియ్యరమ్మా. ఇక్కడనే భద్రంగ ఉంటయి."

రెబెక్కకు మళ్లీ మండింది. ఇక్కడ కూడానా! మంచి దవాఖాన, మంచి డాక్టరమ్మ, మాట మాత్రం అదే మాట. గొడవ విని డాక్టరమ్మ వార్డులోంచి వచ్చింది. సంగతి తెలుసుకుని, గుమాస్తాతో రాసివ్వమని చెప్పింది. గుమాస్తా సణుక్కుంటూ టైపు మిషను మీది గుడ్డ తీశాడు.

"నేనడిగిన గాబట్టి మీరిస్తున్నరు," అంది రెబెక్క డాక్టరమ్మతో. కృతజ్ఞత చెప్పాల్సిన చోట గొంతులో కోపమే వచ్చింది, దాన్ని ఆపుకోలేదు. "మీ వార్డుల నా పక్క మంచం మీదున్న లచ్చమ్మకు అడగాల్నని గూడ తెల్వదు. ఆమెకేం కోసిన్రో ఆమెకు ఎవలు చెప్తరు?"

డాక్టరమ్మ వార్డు దిక్కు తిరిగి, "రా, ఆమె దగ్గరికి పోదాం," అంది.

రెబెక్క నడిచింది. కుట్లు ఇంకా లాగుతున్నాయి. మత్తయి సాయం పట్టబోతే వద్దంది.